నల్లమల జంగిల్ క్యాంపు: మూడుసార్లు వెళ్లొచ్చాక రాస్తున్న రివ్యూ

నంద్యాల నుంచి నల్లమలలోని జంగిల్ క్యాంపుకి ఇప్పటికి మూడుసార్లు వెళ్లాం. మూడుసార్లూ పెద్దపులి కనబడలేదు. ఈ సంగతి ముందే చెప్పేస్తున్నాను. ఇలాంటి చోట్ల రివ్యూలు చదివితే చాలామంది "పులి కనబడలేదు, డబ్బులు దండగ" అని రాసి వదిలేస్తున్నారు. మా డబ్బులు దండగ కాలేదు. ఎందుకు కాలేదో కాస్త వివరంగా రాస్తాను. నచ్చనివి కూడా దాచుకోను.

క్యాంపు పేరు మాత్రం రాయను. ఆత్మకూరు దగ్గర బైర్లూటి, నంద్యాల నుంచి గిద్దలూరు వెళ్లే దారిలో పచ్చర్ల, దోర్నాల నుంచి శ్రీశైలం వెళ్లే దారిలో తుమ్మలబైలు, ఇలా ఈ అడవిలో వెళ్లదగ్గ చోట్లు చాలానే ఉన్నాయి. ఏ క్యాంపని అడక్కండి. నేను ఎత్తిచూపే లోపాలకి అక్కడ వంట చేసే ఆమెకో, జీపు నడిపే పిల్లవాడికో మాట పడితే నా మనసు ఒప్పుకోదు. మేము వెళ్లిన చోట పద్ధతి ఇదీ: స్థలం, అనుమతులు అటవీ శాఖవి. గైడ్లు, వంటవాళ్లు, కాపలావాళ్లు చుట్టుపక్కల గూడేల చెంచులు. వచ్చిన డబ్బులో కొంత వాళ్ల కమిటీకి వెళ్లాలి. నా రివ్యూ అంతా ఆ 'కొంత' గురించే అనుకోండి.

నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో బయాలజీ టీచర్ని. మా నాన్న ఒకప్పుడు వెదురు కూపుల్లో గుమాస్తాగా చేసేవారు. చిన్నప్పుడు ఆయన నోట చెంచుల గురించి విన్నదంతా కూలి లెక్కే. ఎన్ని కట్టలు కొట్టారు, ఎంతమంది వచ్చారు, ఎవరు రాలేదు. ఈ అడవి గురించి వాళ్లకి ఏం తెలుసో ఆయన ఎప్పుడూ చెప్పలేదు. బహుశా అడిగి ఉండరు. నేను కూడా నలభై ఎనిమిదేళ్లు వచ్చేదాకా అడగలేదు.

గది సంగతి రెండు మాటల్లో. కాటేజీ శుభ్రంగా ఉంది, దుప్పట్లు ఉతికినవే. చలికాలంలో వేడినీళ్లకి ముందురోజు రాత్రే చెప్పి పెట్టుకోవాలి. టెంటులో పడుకుంటే రాత్రంతా చప్పుళ్లు వినబడతాయి, చిన్నపిల్లలుంటే కాటేజీయే తీసుకోండి. ఫోన్ సిగ్నల్ లేదు. మా ఆయనకి మొదటిరోజు అదొక టెన్షన్, రెండోరోజుకి మర్చిపోయారు.

ఇక సఫారీ. రెండో ట్రిప్పులో, డిసెంబరు నెల, పొద్దున ఆరు దాటింది. జీపు ఒక మలుపు తిరిగిందో లేదో ముందు సీట్లో ఉన్న గైడు చెయ్యి ఎత్తాడు. డ్రైవరు ఇంజను ఆపేశాడు. మాకైతే ఏమీ కనబడలేదు. ఆయన ఒక్కడే దిగి, దారి పక్కన మెత్తటి దుమ్ములో గొంతుక్కూర్చుని చూసి, జీపుని రెండు గజాలు ముందుకి తెమ్మన్నాడు. సందర్శకులు దిగకూడదు కాబట్టి మేము పైనుంచే వంగి చూశాం.

అడుగు జాడ. నాలుగు వేళ్లు, వెనక పెద్ద మెత్త. గోళ్ల గుర్తు లేదు. కుక్కదైతే వేళ్ల ముందు గోళ్లు గుచ్చుకుంటాయి, పులి నడిచేటప్పుడు గోళ్లు లోపలికి ముడుచుకుంటుంది. ఇంతవరకూ నాకు తెలుసు, ఇరవై ఏళ్లకి పైగా పిల్లలకి ఇదే చెప్తున్నాను. ఆ తర్వాత ఆయన చెప్పినవేవీ నాకు తెలియవు.

"మేడం, టైరు గీత చూడండి. నిన్న సాయంత్రం మన జీపుదే. దాని మీద అడుగేసింది. అంటే జీపు పోయినాక పోయింది" అన్నాడు. తర్వాత వేలితో అడుగు మధ్యలో చూపించాడు. చిన్న చిన్న గుంటలు, సూదితో పొడిచినట్టు. తెల్లవారుజామున చెట్ల ఆకుల మీంచి మంచు బొట్లు రాలి పడ్డ గుర్తులవి. అడుగు లోపల కూడా ఉన్నాయి కాబట్టి మంచు రాలకముందే పులి వెళ్లిపోయింది. ఒక అంచు అప్పటికే కొంచెం కూలింది. "రాత్రి పది దాటినాక, రెండు లోపల" అన్నాడు. వేళ్లు కోలగా ఉన్నాయి కాబట్టి ఆడది. మగదానికి అడుగు ఇంకా నలుచదరంగా ఉండి, వేళ్లు గుండ్రంగా ఉంటాయట. జేబులోంచి పెన్ను తీసి పక్కన కొలతకి పెట్టి ఫోన్లో ఫొటో తీసుకున్నాడు.

మా పాప ఇంటర్ సెకండియర్, బైపీసీ. దారంతా ఫోన్లో సిగ్నల్ వెతుక్కుంటూ కూర్చున్న పిల్ల, ఆ తర్వాత గంటన్నర సేపు ఆయన్ని వదిలిపెట్టలేదు. కొండముచ్చు అరుపుకీ కణితి (పెద్ద అడవి జింక) అరుపుకీ తేడా ఏమిటి, ఎలుగు గోకిన చెట్టు ఎలా తెలుస్తుంది, ఈ పుట్టని ఎవరు తవ్వారు. ఆయన విసుక్కోకుండా చెప్పాడు. మధ్యలో నల్లమద్ది చెట్టు మీద బెట్లుడుత (పెద్ద అడవి ఉడుత) ఒకటి తోక వేలాడేసుకుని పడుకుని ఉంటే, దాన్ని చూపించడానికి మాత్రం ఒక్క మాటా మాట్లాడలేదు, వేలు చూపించాడంతే.

గైడు కాకముందు ఆయన ఆరేళ్లు ప్రొటెక్షన్ వాచరు. అడవి లోపల బేస్ క్యాంపులో ఉండి, రోజూ కాలినడకన తిరిగి, ఉచ్చులు తీసేయడం, కొత్త మనుషుల జాడ కనబడితే చెప్పడం, పులుల లెక్క వచ్చినప్పుడు కెమెరాలు కట్టడం ఆయన పని. కెమెరాలు దారికి అటొకటి ఇటొకటి జంటగా ఎందుకు కడతారో ఆయనే చెప్పాడు. పులి ఒంటి మీద కుడివైపు చారలు ఒకలా, ఎడమవైపు ఇంకోలా ఉంటాయి. రెండువైపులా ఫొటో పడితేనే ఇది ఫలానా పులి అని తేలుతుంది. రెండు చదరపు కిలోమీటర్లకి ఒక జంట చొప్పున కడతారు. ఏ దారిలో, ఏ చెట్టుకి కట్టాలో వాళ్లకి చెప్పేది మాత్రం కంప్యూటరు కాదు. పులి ఏ దారిన నడుస్తుందో తెలిసిన చెంచు.

2018 లెక్కల్లో ఆంధ్రప్రదేశ్‌లో 48 పులులు, 2022లో 63. వాటిలో ఎక్కువ భాగం నల్లమలవే. నాగార్జునసాగర్–శ్రీశైలం టైగర్ రిజర్వు 1983లో ఏర్పడింది, విస్తీర్ణంలో దేశంలోకెల్లా పెద్దది. ఇంత అడవిని ఉద్యోగులు మాత్రమే కాపాడగలరా? ఆ ఆరేళ్ల నడక లేకపోతే ఈ అంకెలు ఎక్కడివి? అందుకే నేను అంటున్నాను, క్యాంపులో మనం డబ్బు కట్టేది గదికీ జీపుకీ అనుకోవద్దు. ఆ కంటిచూపుకి కడుతున్నాం. అది నాకు పూర్తిగా గిట్టుబాటయింది.

సాయంత్రం ఇంకొకటి జరిగింది. క్యాంపు ఆఫీసు బల్ల మీద గాజు సీసాల్లో తేనె పెట్టి అమ్ముతున్నారు. మా అత్తమ్మ సీసా ఎత్తి, వెలుతురుకి పెట్టి చూసి, "పాకం కలిపుంటారు" అని నాతో మెల్లగా అంది. అక్కడే గైడు మేనమామ ఉన్నాడు, అరవై దాటిన మనిషి. ఆయన విననే విన్నాడు. కోపం తెచ్చుకోలేదు. మూత తీసి, చిన్న పుల్లతో కొంచెం తీసి అత్తమ్మ అరచేతిలో వేశాడు. ముదురు రంగు, అనుకున్నదానికంటే పల్చన, నాలుక మీద చివర్లో ఒక చిరుచేదు. అత్తమ్మ ఇంకోసారి చెయ్యి చాపింది.

తర్వాత అక్కడే కూర్చుని ఆయన్ని కథలన్నీ అడిగింది. కొండ అంచున పెద్ద తేనెపట్టు దింపడానికి తాడు కట్టుకుని దిగేటప్పుడు, పైన తాడు పట్టుకునేది ఎవరు? బావమరిది. అన్నదమ్ములకి కూడా ఇవ్వరట. "చెల్లెలి తాళి కదమ్మా, వాడు వదలడు" అన్నాడు. అత్తమ్మ కాసేపు ఏమీ మాట్లాడలేదు.

ఆయనే చెప్పాడు, మునుపు పట్టు మొత్తం కోసేసి చేత్తో పిండేవాళ్లమని. పిల్ల ఈగలున్న భాగం కూడా నలిగి పోయేది, తేనె తొందరగా పులిసేది. ఇప్పుడు తేనె ఉన్న తలభాగం వరకే కోసి, పిల్లలున్నది అలాగే వదిలేస్తారు. ఈగలు ఆ పట్టుని మళ్లీ కట్టుకుంటాయి. తపసి చెట్టు నుంచి తీసే బంక సంగతీ అంతే. గొడ్డలితో లోతుగా గాట్లు పెడితే ఆ ఏడాది బంక ఎక్కువ కారుతుంది, తర్వాత చెట్టు ఎండిపోతుంది. చిన్న గాటు పెడితే చెట్టూ బతుకుతుంది, పిల్లల కాలానికీ బంక ఉంటుంది. చెట్టు తమ చేతిలో ఉంటుందన్న నమ్మకం ఉంటే ఎవరైనా చిన్న గాటే పెడతారు. వచ్చే ఏడాది ఎవడో వచ్చి కొట్టుకుపోతాడు అనుకుంటే ఈ ఏడే లోతుగా నరుకుతారు.

సీసా మీద లేబుల్ ఉంది గానీ ఏ గూడెం నుంచి వచ్చిందో రాయలేదు. రాస్తే బాగుండేది. నేనైతే ఆ పేరు కోసమే ఇంకో సీసా కొనేదాన్ని.

ఇప్పుడు లోపాలు.

భోజనం రుచిగానే ఉంది, కానీ రాత్రి ఫ్రైడ్ రైస్, గోబీ మంచూరియా పెట్టారు. నంద్యాలలో ప్రతి సందు చివరా దొరికేవి తినడానికి అంత దూరం ఎవరు వెళ్తారు? మూడోసారి ముందే ఫోన్ చేసి చెప్తే వంటామె జొన్నరొట్టె, గోంగూర పప్పు చేసింది. మా ఆయన నాలుగు రొట్టెలు తిన్నారు. పక్క బల్ల వాళ్లు కూడా అవే అడిగారు. ఆమెకి వచ్చిన వంట ఆమెని చేయనిస్తే చాలు.

రెండోది, ఆడవాళ్లకి వంట, ఊడ్చే పని తప్ప ఇంకేమీ ఇవ్వలేదు. దుంపలు, ఆకులు, మందు చెట్ల గురించి ఆ వంటామెకి ఎంత తెలుసో నేను పొయ్యి దగ్గర కూర్చుని విన్నాను. ఆమె ఒక గంట మనల్ని క్యాంపు చుట్టూ నడిపించి చెట్లు చూపిస్తే, దానికి నేను విడిగా డబ్బిస్తాను. ఎవరైనా ఇస్తారు.

మూడోది తోటి సందర్శకులు. మొదటి ట్రిప్పులో ఒక గుంపు బ్లూటూత్ స్పీకర్ పెట్టి రాత్రి పదకొండు దాకా పాటలు. క్యాంపు కుర్రాళ్లు రెండుసార్లు వచ్చి బతిమాలారు. వాళ్లు చెంచు పిల్లలు కాబట్టి ఆ గుంపు లెక్కచేయలేదు, నా కళ్లారా చూశాను. నిబంధన రాసి గోడకి తగిలిస్తే సరిపోదు, అమలు చేసే అధికారం కూడా వాళ్లకే ఇవ్వాలి.

అసలు లోపం ఇవేవీ కాదు. బిల్లు. గది, భోజనం, సఫారీ అన్నీ కలిపి ఒకే అంకె. ఇందులో గూడేనికి ఎంత అని అడిగాను. మేనేజరు మర్యాదస్తుడే, "కమిటీకి వెళ్తుంది మేడం" అన్నాడు. ఎంత, ఎప్పుడెప్పుడు అంటే సమాధానం లేదు. గైడుని విడిగా అడిగితే, ఒకసారి జీతం రెండు నెలలు ఆలస్యమైందని తలొంచుకుని చెప్పాడు. పైగా జూలై నుంచి సెప్టెంబరు దాకా వర్షాకాలం సఫారీ మూసేస్తారు. అడవికి ఆ విశ్రాంతి కావాలి, నేను కాదనను. మరి ఆ మూడు నెలలు గైడు ఇంట్లో పొయ్యి ఎలా వెలగాలి? అప్పుడే గస్తీ పని వాళ్లకి ఇవ్వొచ్చు కదా. జనం తిరగని ఆ రోజుల్లోనే కదా ఉచ్చులు పెట్టేవాడికి ధైర్యం వచ్చేది.

అడవి రాబడిని అక్కడివాళ్లతో పంచుకోవడం కొత్త ఆలోచన కాదు. 1970ల్లో పశ్చిమ బెంగాల్‌లోని అరబారిలో అజిత్ కుమార్ బెనర్జీ అనే అటవీ అధికారి, పాడైపోయిన సాల్ అడవిని చుట్టుపక్కల ఊళ్లవాళ్ల కాపలాకి వదిలి, వాళ్లకి పని చూపించి, రాబడిలో 25 శాతం మీదే అన్నాడు. మోళ్లుగా మిగిలిన చెట్లు మళ్లీ అడవయ్యాయి. 1988 జాతీయ అటవీ విధానంలో, 1990 కేంద్ర ఉత్తర్వుల్లో ఆ ఆలోచనే కనబడుతుంది. మన రాష్ట్రంలో 1992 నుంచి వన సంరక్షణ సమితులు వచ్చాయి. మా స్కూలున్న ఊళ్లో కూడా ఆ సమితి బోర్డు ఒకటి ఉంది, తుప్పు పట్టింది. గుట్ట మీద వాళ్లు పెంచిన చెట్లున్నాయి, సమితి లేదు. ఎందుకని ఊళ్లో పెద్దవాళ్లని అడిగితే ఒక్కటే మాట: ప్రాజెక్టు డబ్బులున్నన్నాళ్లు మీటింగులు జరిగాయి, లెక్క ఎవరూ చూపించలేదు, జనం రావడం మానేశారు. ఈ క్యాంపు విషయంలో నాకు భయం అదే.

తోటి టీచర్లతో కేరళ టూరు వెళ్లినప్పుడు పెరియార్ టైగర్ రిజర్వు చూశాను. అక్కడ అడవిలో దొంగతనంగా వయణ (అడవి దాల్చిన) చెట్ల బెరడు వొలిచి అమ్ముకునే వాళ్లే, 1990ల చివర్లో కేసులు వదిలించుకుని, కమిటీగా ఏర్పడి గైడ్లయ్యారు. మునుపు దొంగదారులు తెలిసినవాళ్లు కాబట్టి దొంగలు ఎటు వస్తారో వాళ్లకే తెలుసు. నడిచే దారుల్లో మనల్ని తీసుకెళ్తూనే కాపలా కూడా కాస్తారు. మన చెంచులు ఎప్పుడూ దొంగలు కారు, ఈ అడవి వాళ్ల ఇల్లు. మరి మనకెందుకు ఇంత తడబాటు?

పులుల కోసం కోర్ ఏరియా, అంటే అడవి నడిమి భాగం, ఖాళీ చేస్తే కుటుంబానికి 15 లక్షలు ఇస్తామని ఒకవైపు అంటారు. ఇంకోవైపు అదే మనిషికి గైడు యూనిఫాం వేసి, ఈయన అడవి బిడ్డ అని మనకి చూపిస్తారు. గూడెం రోడ్డు పక్కకి వచ్చేశాక పుట్టే పిల్లవాడికి మంచు బొట్ల గుంటలు చూసి టైము చెప్పడం ఎవరు నేర్పుతారు? ఇష్టంగా బయటికి రావాలనుకునేవాళ్లని రానివ్వండి, బడి, ఆసుపత్రి కావాలని ఎవరికుండదు. కానీ 2006 అటవీ హక్కుల చట్టం ఇచ్చిన హక్కు ముందు వాళ్ల చేతికి అందాలి, ఆ తర్వాతే బేరం. 2019లో యురేనియం సర్వే మాట వచ్చినప్పుడు కృష్ణకి అవతలి ఒడ్డున, తెలంగాణలోని అమ్రాబాద్ పల్లెలవాళ్లు, చెంచులు రోడ్డెక్కారు. ఆ సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ వద్దని తీర్మానం చేసింది. ఆ రోజు అడవి కోసం ముందు నిలబడింది అందులో ఉండేవాళ్లే.

నా లెక్కలో ఐదుకి నాలుగు స్టార్లు. గైడుకి విడిగా ఇవ్వమంటే ఐదూ ఇస్తాను. తగ్గిన ఆ ఒక్కటీ గోడ మీద లెక్కల బోర్డు పెట్టిన రోజు ఇచ్చేస్తాను. నెలకి ఎంతమంది వచ్చారు, ఎంత వచ్చింది, గూడేనికి ఎంత వెళ్లింది. మూడు వరసలు. మేనేజరు ఇచ్చిన సందర్శకుల పుస్తకంలో కూడా ఇదే రాశాను. మీరు వెళ్తే మీరూ రాయండి, ఒక్కరు రాస్తే పేజీ తిప్పేస్తారు.

వెళ్లేవాళ్లకి కొన్ని మాటలు. వేసవిలో చెట్లు ఆకు రాల్చి ఉంటాయి, నీటి గుంటల దగ్గర జంతువులు బాగా కనబడతాయి, ఎండకి మాత్రం తట్టుకోవాలి. అడవి అందం కావాలంటే వర్షాలు ఆగాక వెళ్లండి. దోర్నాల–శ్రీశైలం దారిలో రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరు దాకా గేట్లు మూసేస్తారు, టైము చూసుకుని బయల్దేరండి. మెరిసే రంగుల బట్టలు, సెంటు వద్దు. ప్లాస్టిక్ బాటిల్ బదులు ఇంటి నుంచి స్టీలు బాటిల్ పట్టుకెళ్లండి. ధరలు మారుతుంటాయి, బుక్ చేసేటప్పుడే గైడుతో కలిపా, విడిగానా అని అడగండి. అడిగితే వాళ్లకీ తెలుస్తుంది, మనం గైడు కోసం వస్తున్నామని. బైనాక్యులర్స్ ఉంటే తీసుకెళ్లండి. మా గైడు దగ్గర లేవు. మావి మూడో ట్రిప్పులో ఆయన దగ్గరే వదిలేసి వచ్చాం, మా పాపే ఇచ్చింది.

అక్టోబరులో మళ్లీ వెళ్తున్నాం. తేనె సీసాలు వాపసు తెస్తే కడిగి మళ్లీ వాడుకుంటామని ఆ పెద్దాయన చెప్పాడు. మా అత్తమ్మ రెండు ఖాళీ సీసాలూ వేడినీళ్లతో కడిగి, ఆరబెట్టి, పాత చీర ముక్కలో చుట్టి ఇప్పటికే సంచిలో పెట్టేసింది.